నకాబు మీద నేను కల్పించిన రూలు

కొత్తగా ఉద్యోగంలో చేరిన కండక్టర్లు నన్ను బస్టాండు టీ కొట్టు దగ్గర పట్టుకుని "పాత సంగతులేమన్నా చెప్పండి బాబాయ్" అంటుంటారు. ఈమధ్య ఆడపిల్లలు కూడా సంచీ తగిలించుకుని వచ్చి అడుగుతున్నారు. చెప్తాను. చెప్పినప్పుడల్లా ఆ సంగతులు జానెడో బెత్తెడో పెరుగుతుంటాయి. కాగితం మీద పెడితే ఇక పెరగవు గదా అని ఇది రాస్తున్నాను.

నాకు వచ్చిన మెమోల గురించి, రాని ప్రమోషన్ల గురించి రాయను. నడుస్తున్న బస్సులో పురుడు పోశానని నేను చాలామందికి చెప్పిన మాట వాస్తవం. పోసింది మాత్రం నేను కాదు. మిరప తోటల్లో కూలికి వెళ్ళొస్తున్న ఒక పెద్దావిడ పోసింది. నేను విజిల్ వేసి బస్సు ఆపించి, కిందకి దిగి, వెనక చక్రం దగ్గర కళ్ళు మూసుకుని కూర్చున్నాను. బిడ్డ ఏడుపు వినపడ్డాక లేచి "భయపడకండి, నేనున్నాను" అన్నాను. నా వీరగాథలన్నీ ఈ కొలతలోనే ఉంటాయి. చదివేవాళ్ళు తూకం చూసుకుని చదవండి.

ఒక్క సంగతి మాత్రం ఎన్నిసార్లు చెప్పినా పెంచలేకపోయాను. అదే ఇది.

ముఖాల జ్ఞాపకం

ఎనభైల్లో నేను ఎర్రబస్సు కండక్టర్ని. చింతలగుంట నుంచి సత్తెనపల్లికి పొద్దున ఏడుంబావు ట్రిప్పు ఆరేళ్ళు నాదే. డ్రైవరు కోటయ్య. పైన మిరపకాయల టిక్కీలు, అంటే బస్తాలు, లోపల జనం, మెట్ల మీద మిగతా జనం. ఒకసారి చూసిన ముఖాన్ని జన్మలో మరవనని నాకు పేరు. ఆ పేరు పెట్టింది కూడా నేనే. నిజానికి నేను ముఖాలు గుర్తుపెట్టుకునేవాణ్ణి కాదు. చేతిలో కోడిని బట్టి, నెత్తి మీద గంపను బట్టి, దగ్గును బట్టి గుర్తుపట్టేవాణ్ణి. అయినా "ఏం ప్రసాదూ, మీ నాన్న కాలు ఎట్లా ఉంది?" అని అడిగితే జనం మురిసిపోయేవాళ్ళు. నేను అంతకన్నా మురిసిపోయేవాణ్ణి.

ఆ బస్సులో ఖాశింబీ అనే అమ్మాయి ఇంటర్ చదువుకు సత్తెనపల్లి వెళ్ళేది. వాళ్ళ నాన్న సైదులు దూదేకి పరుపులు కుట్టేవాడు. మావైపు దూదేకులవాళ్ళ సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. వాళ్ళు ముస్లిములు. ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఆడవాళ్ళు అందరిలాగే చీర కట్టి, పొలానికి పోతే కొంగు నడుముకు దోపుతారు. ఆ రోజుల్లో చింతలగుంటలో వాళ్ళ ఇళ్ళలో బురఖా వేసినవాళ్ళను నేను చూడలేదు. ఖాశింబీ కూడా మొదటి సంవత్సరమంతా లంగా ఓణీ, రెండు జడలతో వచ్చేది. డ్రైవరు వెనక సీట్లో కూర్చుని పుస్తకం తీసేది. అదే సీట్లో పక్కన సుగుణమ్మ టీచరు కూర్చునేది. ఆవిడ ఇల్లు చింతలగుంట చర్చి పక్కన, ఉద్యోగం సత్తెనపల్లి బడిలో.

రెండో సంవత్సరం జనవరి సెలవులయ్యాక ఒక సోమవారం ఆ సీట్లో నల్ల బురఖాలో ఒక మనిషి కూర్చుని ఉంది. ముఖానికి నకాబు. కళ్ళు తప్ప ఏమీ కనపడటం లేదు.

"టికెట్" అన్నాను.

"పాస్" అంది.

స్టూడెంట్ పాస్ తీసి చూపించింది. దాని మీద రెండు జడల ఫొటో. అప్పుడు తెలిసింది, ఖాశింబీ అని. ముఖాలు మరవనివాణ్ణి, ముఖమే లేకపోతే ఏం చెయ్యను? ఆ గాభరాలో ఎప్పుడూ చేసే పనే చేశాను. జోకు వేశాను.

"పాస్‌కి ముఖం ఉందమ్మా, నీకే లేదు. దేనికి టికెట్ కొట్టమంటావ్?"

బస్సంతా నవ్వింది. అది మిరపకాయల కాలం. పైన టిక్కీల నుంచి ఘాటు దిగి అందరం తుమ్ముతుంటే, నేను రోజూలాగే తువ్వాలు ముక్కు మీదుగా చెవుల దాకా చుట్టుకుని ఉన్నాను. ఆ అమ్మాయి తల ఎత్తి నన్ను చూసింది.

"మీ ముఖమూ కనపడట్లా గదండీ. మీరు కండక్టరేనని నేనెట్లా నమ్మేది?"

ఈసారి నవ్వు పైకప్పుకి తగిలింది. కోటయ్య అయితే బ్రేకు మీద కాలు వేసి మరీ నవ్వాడు. "దెబ్బకి దెబ్బరా!" అని వెనక నుంచి ఎవడో అరిచాడు. సుగుణమ్మ టీచరు పాస్ తీసుకుని, ఆ అమ్మాయిని కిటికీ వైపుకి తిప్పి, నకాబు కొంచెం ఎత్తి చూసి, దించింది.

"ఆ పిల్లేనయ్యా. పో, నీ పని చూసుకో."

రెండు నిమిషాల పని. అక్కడితో అయిపోవలసింది. అవలేదు, ఎందుకంటే నా బస్సులో నన్ను చూసి జనం నవ్వారు.

ఉద్ధరించడానికి వెళ్ళాను

తర్వాతి ఐదు రోజులూ ఆ అమ్మాయి రోజూ అట్లాగే వచ్చింది, టీచరు రోజూ "ఆ పిల్లే" అంది. నేను ఆలోచిస్తూ వచ్చాను. ఇంత తెలివైన పిల్ల, ఇంత నోరున్న పిల్ల తనంతట తాను ముసుగు ఎందుకు వేసుకుంటుంది? తండ్రే వేయించి ఉంటాడు. ఒక ఆడపిల్లకు అన్యాయం జరుగుతుంటే చదువుకున్నవాడిగా చూస్తూ ఊరుకోవాలా?

చాలా ఏళ్ళు ఈ కథని ఇట్లాగే చెప్పుకున్నాను. అన్యాయం మాట నేను తర్వాత అతికించుకున్నది. సైకిలు తీసినప్పుడు నా చెవుల్లో ఉన్నది ఆ బస్సు నవ్వు.

ఆదివారం నాకు సెలవు. సైకిలు మీద చింతలగుంట వెళ్ళాను. సైదులు వసారాలో కూర్చుని దూది ఏకే విల్లు కొడుతున్నాడు. దూది మంచులాగా లేచి అతని కనుబొమల మీద పడుతోంది. నన్ను చూసి గబగబా లేచి స్టూలు వేశాడు.

నేను పావుగంట మాట్లాడాను. ఆడపిల్లలు, చదువు, కాలం మారడం, అన్నీ కలిపి. చివర గొంతు పెంచి, "చూడు సైదులూ, ముఖానికి గుడ్డ కట్టుకుంటే పాస్ చెల్లదు. కొత్త రూలు వచ్చింది. రేపటి నుంచి మీ అమ్మాయిని అట్లా బస్సెక్కనివ్వను" అన్నాను.

అట్లాంటి రూలు ఏదీ లేదు. ఆ క్షణాన, ఆ స్టూలు మీద, నా నోట్లోంచి పుట్టింది.

సైదులు కోప్పడతాడనుకున్నాను. అతను చేతులు జోడించాడు. "మంచి మాట చెప్పారు కండక్టర్‌గారూ. నెల్లాళ్ళ నుంచీ అదే మొత్తుకుంటన్నా. మా అమ్మ వెయ్యలా, దీని అమ్మ వెయ్యలా. నువ్వెందుకే అంటే వినదు. గవర్నమెంటు రూలంటే వింటుంది." లోపలికి కేకేసి నాకు టీ తెప్పించాడు. టీలో ఇలాయచీ కూడా వేశారు.

తండ్రి వేయించలేదు. తండ్రికి అసలు ఇష్టం లేదు. అప్పుడైనా నాకు తట్టాలి గదా, మరి ఎవరు వేయించారని. తట్టలేదు. సైదులు, నేను ఒక జట్టు అయిపోయాం. ఆ అమ్మాయి తలుపు అవతలే ఉంది. ఆమెను ఎవరమూ పిలవలేదు. నేను ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను.

ఖాళీ సీటు

సోమవారం ఆ అమ్మాయి రాలేదు. మంగళవారం రాలేదు. బుధవారం పాస్ చూడటానికి వంగినట్టు వంగి టీచర్ని అడిగాను.

"నువ్వే గదయ్యా ఎక్కనివ్వనంది" అంది ఆవిడ, తల తిప్పకుండా. "ముసుగు తీస్తే కాలేజీ, లేకపోతే ఇంట్లో కూర్చోమన్నాడంట వాళ్ళ నాన్న. ఆ పిల్ల ఇంట్లో కూర్చుంది. వచ్చే సోమవారం ప్రాక్టికల్స్. పోకపోతే ఏడాది పోయినట్టే. ఈ ఏడాది పోతే సైదులు మళ్ళీ పంపుతాడనుకున్నావా?"

"తీసేస్తే పోయేదానికి..." అని నసిగాను.

"నేను చర్చిలో నెత్తిన కొంగు వేసుకుంటా. మా ఆయన భయానికనుకున్నావా?" అంది. వాళ్ళ ఆయన ఆవిడకి భయపడతాడని ఊరందరికీ తెలుసు.

నేను జోకులేస్తాను, కోతలు కోస్తాను, కానీ ఒకళ్ళ చదువు పోగొట్టేంత దుర్మార్గుణ్ణి అని అప్పటిదాకా అనుకోలేదు. అయినా వెంటనే వెళ్ళి ఒప్పుకోలేదు. ముందు నా అబద్ధానికి ఎక్కడన్నా ఒక రూలు దొరుకుతుందేమోనని వెతికాను. గురువారం బస్టాండులో పెద్ద ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్ళాను. నాకు ఎక్కువ మెమోలిచ్చింది ఆయనే. ఆయనంటే నాకు పడేది కాదు.

"నకాబు వేసుకున్నవాళ్ళకి పాస్ చెల్లదని ఏమన్నా ఉందాండీ?"

ఆయన కళ్ళజోడు మీంచి చూశాడు. "పాస్ ఆ మనిషిదేనా కాదా? అనుమానముంటే పక్కనున్న ఆడమనిషిని చూడమను. అనుమానం లేకపోతే ముందుకి పో. మధ్యలో వాళ్ళ బట్టల సంగతి నీకెందుకోయ్? నిన్ను మనవాళ్ళు దర్జీగా పెట్టుకున్నారా?"

నా ఉద్యోగంలో నేను విన్న మంచి మాటల్లో అది ఒకటి. కొత్తవాళ్ళు దీన్ని గోడ మీద రాసుకోవచ్చు. మంచి మాట మనకి నచ్చినవాళ్ళ నోటి నుంచే వస్తుందని ఎదురుచూడకండి.

ఇరవై నిమిషాలు

శనివారం మధ్యాహ్నం ట్రిప్పుకి చింతలగుంటలో బస్సు ఇరవై నిమిషాలు ఆగుతుంది. కోటయ్యతో "ఇప్పుడే వస్తా" అని చెప్పి పరుగెత్తాను. సైదులు వసారాలోనే ఉన్నాడు. విల్లు గోడకి ఆనించి ఉంది.

"సైదులన్నా, శుభవార్త! పైవాళ్ళతో మాట్లాడి ఆ రూలు తీయించేశా" అన్నాను.

అవును, మళ్ళీ అబద్ధమే. పోతూ పోతూ ఆ పేరు కూడా నేనే కొట్టేద్దామనుకున్నాను.

సైదులు నన్ను ఎగాదిగా చూశాడు. "ఆదివారం పెట్టి శనివారం తీసేసే రూలా అది?"

నేను భుజానికున్న సంచీ సర్దుకున్నాను.

"కండక్టర్‌గారూ, అసలు రూలుందా?"

"లేదు."

"ఎన్నడూ లేదా?"

"లేదు. నేనే అన్నాను. బస్సులో నన్ను చూసి నవ్వారని..."

సైదులు తన చేతులకంటిన దూదిని గిల్లుకున్నాడు. తర్వాత అరిచాడు. దూదేకే మనిషికి అంత గొంతు ఉంటుందని నాకు తెలియదు. "మీ మాట నమ్మి నా బిడ్డని ఆరు రోజులు కూర్చోబెట్టానయ్యా! ఖాకీ గుడ్డ కట్టుకుని రూలంటే గవర్నమెంటనుకున్నా. ఊళ్ళో ఒకడు 'ఏరా సైదులూ, మీ పిల్ల అరబ్బు దేశం పోయొచ్చిందా' అంటాడు. ఇంకొకడు 'పెళ్ళి పరుపులు వేరేచోట కుట్టించుకుంటాంలే' అంటాడు. నా బాధ నాది. దానికి తోడు మీ అబద్ధమొకటా!"

లోపలి నుంచి ఆ అమ్మాయి తలుపు దగ్గరికి వచ్చింది. తెర అవతలే నిలబడింది.

"కండక్టర్‌గారూ, ఒకటడగనా?"

"అడుగమ్మా."

"ఆరు రోజులు మీ బస్సులోనే వచ్చా. నన్నడగకుండా సైకిలేసుకుని ఇంతదూరం వచ్చి మా నాన్నని అడిగారేం? పాస్ మీద ఫొటో ఆయనది కాదు గదా?"

దూరంగా కోటయ్య హారన్ కొట్టాడు. నేను కదల్లేదు.

"ఇప్పుడడుగుతున్నా. ఎందుకమ్మా ఇది? కుర్రాళ్ళు ఏడిపిస్తున్నారా?"

"ఏడిపిస్తే నాకు నోరుంది. మీరు విన్నారుగా." తెర అంచు సర్దుకుంది. "నిరుడు నమాజు మొదలుపెట్టా. అది ఇంట్లో చేసేది, ఎవరికీ కనపడలా, ఎవరూ అడగలా. సత్తెనపల్లిలో ఒకామె దగ్గర ఖురాను చదవటం నేర్చుకుంటన్నా. చదివేకొద్దీ ఇట్లా ఉండాలనిపించింది. ఆమె కూడా తొందరేముంది, ఆలోచించుకో అంది. ఆర్నెల్లు ఆలోచించా. అల్లాకి, నాకు మధ్య సంగతది. మీకు ఇంతకన్నా అర్థమయ్యేటట్టు చెప్పటం నాకు చేతకాదు."

"రేపు నీకే వద్దనిపిస్తే?" అన్నాడు సైదులు.

"తీసేస్తా నాన్నా. అప్పుడు కూడా నన్నే అడుగు."

"నేను తీయమంటే తీయవు."

"తీయను. కాలేజీ మానమన్నావు, మానా. ఎదురు చెప్పానా?" తెర సందులోంచి అట్టలేసిన ప్రాక్టికల్స్ పుస్తకం బయటకి పెట్టింది. "రికార్డు మాత్రం పూర్తి చేసుకున్నా నాన్నా. బొమ్మలన్నీ వేశా. పత్తి పువ్వుతో సహా."

సైదులు ముఖం తిప్పుకున్నాడు. కోటయ్య మళ్ళీ హారన్ కొట్టాడు, ఈసారి చెయ్యి తియ్యకుండా.

"ఆ పువ్వు కోసుకొచ్చి ఇచ్చింది నేనేగా" అన్నాడు సైదులు, ఎవరితోనో తెలియనట్టు. తర్వాత నా వైపు తిరిగాడు. "సోమవారం పంపుతా. కానీ మీరొక పని చెయ్యాలి. బస్సులో అందరూ నవ్వారు గదా. ఆ అందరి ముందరే చెప్పండి, అట్లాంటి రూలు లేదని. మళ్ళీ ఇంకెవడూ నా బిడ్డని దింపకుండా."

సోమవారం

ఆ రోజు ఏడుంబావుకి బస్సు కదలాలి. వాళ్ళు రాలేదు. ఆ అమ్మాయి కోసం అరగంట బస్సు ఆపానని నేను చెప్పుకుంటాను. ఆపింది నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లో కోటయ్య నన్ను తిట్టని తిట్టు లేదు. టీచరు గడియారం చూసుకుంటోంది. సైదులు మనసు మారిందేమో, ఆ అమ్మాయికి జ్వరమొచ్చిందేమో అని నేను ఫుట్‌బోర్డు మీద నిలబడి చెమటలు కక్కుతున్నాను.

సందు మలుపులో ముందు సైదులు కనపడ్డాడు. చంకలో అట్టలేసిన రికార్డు పుస్తకం. వెనక నల్ల బురఖాలో ఖాశింబీ, పరుగులాంటి నడకతో. ఇద్దరూ ఎక్కారు. నా గుండె మీది నుంచి టిక్కీ దించినట్టయింది.

అప్పుడు తువ్వాలు ముఖం మీంచి తీసి, బస్సు మధ్యలో నిలబడి గొప్ప ఉపన్యాసమిచ్చాను. సరే, ఉపన్యాసం కాదు. "అయ్యా, మొన్న నేను... ఈ అమ్మాయిని ఎక్కనివ్వనన్నాను గదా, అట్లాంటి రూలు లేదు. నేను అబద్ధం చెప్పాను" అన్నాను. ఘాటుకి మధ్యలో రెండుసార్లు తుమ్మాను. వెనకవాళ్ళకి వినపడలేదు. "ఏమంటన్నాడు?" అని ఎవరో అడిగారు. కోటయ్య సీట్లోంచి వెనక్కి తిరిగి, "తప్పు తనదేనంట!" అని ఊరంతా వినపడేట్టు అరిచాడు.

మళ్ళీ నవ్వారు. నేనూ నవ్వాను. అంత కష్టంగా అనిపించలేదు.

ఒకాయన మాత్రం "అయినా సైదులూ, ముఖం దాచుకోవాల్సిన ఖర్మేంటి మీ పిల్లకి?" అని గొణిగాడు. సైదులు అతని వైపు తిరిగాడు. "దాన్నే అడుగన్నా, ఎదురుగానే ఉందిగా. నువ్వడిగితే చెప్తది" అన్నాడు. ఆయన అడగలేదు. మొన్నటి జవాబు ఆయనకీ గుర్తున్నట్టుంది.

పాస్ చూడబోతే టీచరు నా చెయ్యి పక్కకి తోసింది. "చూశాన్లే, ఆ పిల్లే."

కొత్తవాళ్ళకి చెప్పేది ఇంతే. అనుమానం వస్తే పక్కనున్న ఆడమనిషి సాయం నెమ్మదిగా అడగండి, జోకు వెయ్యకండి. ఇప్పుడు మీలోనే ఆడవాళ్ళున్నారు, ఇంకా సులువు. ఒక మనిషి సంగతి తెలుసుకోవాలంటే ఆ మనిషినే అడగండి. నకాబు వేసుకున్న ప్రతి ఆడమనిషీ ఖాశింబీలాగా తనంతట తానే వేసుకుందని నేను చెప్పను. కొందరికి ఇంట్లోవాళ్ళు వేయించి ఉండవచ్చు. అది తలుపు బయట నిలబడి తేల్చే పని కాదు, నాకు చేతకాలేదు. లేని రూలు మాత్రం ఎన్నడూ చెప్పకండి. మనకి అది నోటిదూల. ఖాకీ వేసుకుని చెప్తే ఎదుటివాడు దాన్ని నమ్మి బతుకు మార్చుకుంటాడు.

సాయంత్రం సత్తెనపల్లి బస్టాండులో ఇద్దరూ మళ్ళీ నా బస్సే ఎక్కారు. సైదులు కాలేజీ గేటు బయట పొద్దంతా నిలబడ్డాడట, సీట్లో కూర్చున్న మరుక్షణం నిద్రపోయాడు. అమ్మాయి పాస్ చూపించింది. వేళ్ళ చివర్లు ఏదో మందు పడి నల్లగా మచ్చలయ్యాయి.

"ఎట్లా చేశావమ్మా?"

"బాగా చేశా."

అప్పుడు నకాబు వెనక ఆ అమ్మాయి నవ్విందని నేను వందమందికి చెప్పి ఉంటాను. నాకు కనపడలేదు. నవ్విందో లేదో ఇప్పటికీ తెలియదు. నేను విన్నది మాత్రం ఇది:

"విజిల్ వెయ్యండి కండక్టర్‌గారూ. ఆకలేస్తంది, ఇంటికి పోవాలి."

వేశాను.